పన్నెండు వరసల కుట్టు

2011. తెలంగాణ కోసం సకలజనుల సమ్మె జోరు మీదున్న రోజులు. సిరిసిల్ల బస్టాండు వెనక నాది డేరాలు కుట్టే దుకాణం. ఊరంతా బందున్నా నాకు మాత్రం ఊపిరాడేది కాదు. ప్రతి ఊళ్లో దీక్షా శిబిరం, ప్రతి శిబిరానికీ షామియానా. చిరిగినవన్నీ నా దగ్గరికే వచ్చేవి. యాకూబ్ చాచా కుడితే గుడ్డ చిరగాలే గానీ కుట్టు ఊడదని జనం అనేవారు. నేనూ తక్కువ తిన్నానా, ఆ మాట వినబడేలా మిషన్ ఆపి మరీ వినేవాణ్ని.

ఒక పొద్దున కోరుట్ల కుర్రాడు సంపత్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. మహారాష్ట్ర కొండల్లో పారాగ్లైడింగ్ నేర్చుకున్నాడట. పెద్ద గుడ్డ రెక్క గాలి నింపుకుని పైకి లేస్తే, దాని కింద మనిషి వేలాడుతూ ఎగరడమన్న మాట. మనిషి కూర్చునే బెల్టుల సంచిని హార్నెస్ అంటారు. ఆ హార్నెస్ భుజం బెల్టును ఎలుక కొరికింది.

"దీన్ని కంపెనీకి పంపాలె చాచా. బస్సులు లేవు, పార్సిళ్లు పోతలేవు. నువ్వే ఏదన్న చెయ్యి" అన్నాడు.

కోనరావుపేట దిక్కున్న గుట్ట మీంచి జెండాతో ఎగిరి, కింద శిబిరం దగ్గర దిగాలని అతని కోరిక. పైన బెల్టు తెగితే ఏమవుతుందని నేను అడగలేదు. డేరా బెల్టుకు ఎలా వేస్తానో అలాగే కొత్త ముక్క అతికి, లావు సూదితో, నైలాన్ దారంతో, అడ్డంగా పన్నెండు వరసలు దగ్గర దగ్గరగా వేశాను. ఎన్ని వరసలైతే అంత గట్టి అన్నది మా పనిలో లెక్క. దుకాణం దూలానికి కట్టి సంపత్ వేలాడాడు, ఊగాడు. ఏమీ కాలేదు.

"ఏనుగు ఏలాడినా ఊడదు పో" అన్నాను.

నా కుట్టు ఎగురుతుంటే చూడాలని నేనూ గుట్ట దగ్గరికి వెళ్లాను. సంపత్ పది అడుగులు పరుగెత్తగానే రెక్క నిండింది, కాళ్లు నేల విడిచాయి. కింద జనం జై తెలంగాణ అని అరుస్తుంటే నా ఒళ్లు పులకరించింది. గుట్ట అంచు దాటగానే గాలి విసురుగా కొట్టింది. రెక్క ఒక్కసారి గుంజింది. చప్పుడేమీ వినబడలేదు. ఒక భుజం పక్క బెల్టు విడిపోయి, మనిషి పక్కకు ఒరిగి, రెక్క ముడుచుకుపోవడంతో కింద పడిపోయాడు. ఆపదకని ఇంకో చిన్న పారాచూట్ ఉంటుందట, అది తెరుచుకునేంత ఎత్తు లేదు. నేను అతను పడ్డ వైపు పరుగెత్తాను.

వరిపొలం బురద ప్రాణం కాపాడింది. నులకమంచం మీద రోడ్డుకు మోసి జీపు ఎక్కించాం. దారిలో రాస్తారోకో చేస్తున్నవాళ్లే రాళ్లు జరిపి కరీంనగర్ పంపారు. నడుము ఎముక విరిగింది, నడుస్తాడో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు.

ఆస్పత్రి వరండాలో కూర్చుని ఆ బెల్టును చేతిలోకి తీసుకున్నాను. దారం ఒక్క పోగు తెగలేదు. పన్నెండు వరసలూ చెక్కుచెదరలేదు. మొదటి వరస సూది పోట్ల వెంబడి బెల్టే చిరిగింది, స్టాంపుల కాగితం చిరిగినట్టు. అడ్డంగా నేను పొడిచిన ప్రతి పోటూ దాన్ని కొంత కోసింది. గాలి గుంజుడుకు మిగతాది పోయింది. ఎలుక కొరికింది ఒక్క అంచే. మిగతాదంతా నేనే కొరికాను.

అంతలో సంపత్ తల్లి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నా కొడుకును మోసుకచ్చినవట. నీ చేతులు సల్లగుండ భాయ్."

తట్టుకోలేకపోయాను. బెల్టు చూపించి, ఉన్నదంతా చెప్పేశాను. ఆమె నా చేతులు వదిలేసి, వెళ్లి గోడ పక్కన కూర్చుంది. తిట్టినా బాగుండేది.

సంపత్ లేచి నిలబడటానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తాడు. మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు నేను క్షమించమన్నాను. పోలీసులకు తన తప్పేనని అప్పటికే చెప్పుకున్నాడు. నాతో మాత్రం ఒకే మాటన్నాడు.

"గిది నాకు రాదు అని ఒక్క మాటంటే, నేను ఆగుతుంటి చాచా."

ముప్పై ఏళ్లలో ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు, అనడం నామోషీ అనుకున్నాను. ఇప్పుడు ఎవరు బెల్టు తెచ్చినా ముందు ఒకటే అడుగుతాను, దీనికి మనిషి వేలాడతాడా అని. అవునంటే తిరిగి ఇచ్చేస్తాను. ఇంత పేరున్న చాచాకు ఇది రాదా అని నవ్వుతారు. రాదంటాను. ఆ బెల్టు ముక్క నా మిషన్ పైన గోడ మేకుకు వేలాడుతోంది. అందులో నా దారం ఇప్పటికీ గట్టిగానే ఉంది.