ఎండ నీళ్ళ మీద పడేదాకా

మా ఎదురింటి మామ్మ పోయింది. బుధవారం పొద్దున్న తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు దిగుతుంటే ఆవిడ కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యగారు ఇక లేరండీ. రేవు నించి వచ్చి, తల తుడుచుకుంటూ అరుగు మీద కూర్చున్నారు. నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి అయిపోయింది" అంది. ఏడవలేదు. రేవుకెళ్ళి వచ్చాకే పోయారన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పింది. ఆ మాట ఎందుకంత ముఖ్యమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇంకో కారణం కోపం. ఆ సాయంత్రానికే మా వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "పర్యాటకంపై తిరగబడ్డ కొల్లేటి వీరనారి" అని ఒక పోస్టరు తిరగడం మొదలుపెట్టింది. మా వాళ్ళంటే నాలాంటివాళ్ళే. సభలు పెట్టేవాళ్ళు, కరపత్రాలు రాసేవాళ్ళు. పక్కన పిడికిలి బొమ్మ కూడా వేశారు. మామ్మ పిడికిలి బిగించగా నేను చూసింది కొర్రమేను తలకాయ పట్టుకుని పొలుసు గీకేటప్పుడే. ఆవిడ ఎవరి మీదా తిరగబడలేదు. ఆవిడ చేసింది అంతకంటే కష్టమైన పని. మనకి చేతకాని పని. దాన్ని మన నినాదాల్లో ఇరికించి చిన్నది చేయకండి.

మాది కొల్లేటి నడుమ లంక ఊరు. మా రేవులో తెల్లవారింది మొదలు ఎండ నీళ్ళ మీద పడేదాకా ఆడవాళ్ళ వేళ. ఎవరు పెట్టారో తెలియదు, ఏ పంచాయతీ తీర్మానంలోనూ లేదు. ఆ వేళకి మగవాడు గట్టు దిగడు. వేట నుంచి తిరిగొచ్చే దోనెవాడు కూడా కిక్కిస గడ్డి దుబ్బుల అవతలే ఆగి, గెడతో దోనె అంచు మీద రెండు దెబ్బలు కొట్టి, "రావచ్చు" అని లోపలి నుంచి కేక వినబడితేనే వస్తాడు. ఇంట్లో కుళాయి ఉన్న ఆడవాళ్ళూ రేవుకే వెళ్ళేవాళ్ళు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. స్నానం, బట్టలు, అంట్లు. మగవాళ్ళకి తెలిసింది అంతే. నాకూ అంతే తెలుసు, యాభై ఏళ్ళు వచ్చేదాకా.

కొన్నేళ్ళ కిందటి వరకూ మా ఊరికి వచ్చే కొత్తవాళ్ళు రెండే రకాలు: చేపల లారీలవాళ్ళు, ఓట్లడిగేవాళ్ళు. తరవాత ఎవరో గూడబాతుల్ని డ్రోనుతో తీసి ఫోన్లలో వదిలారు. ఇక శనాదివారాలు కార్లే కార్లు. ఏలూరు, బెజవాడ, హైదరాబాదు. పెళ్ళికి ముందే పెళ్ళి బట్టలు కట్టుకుని ఫోటోలు తీయించుకునే జంటలు. ఏలూరు నుంచి ఒక కాంట్రాక్టరు ఇంజను బోట్లు దింపాడు. పక్షులు పొద్దున్నే బాగా కనిపిస్తాయని ఆరింటికే మొదటి బోటు. బోటు పోయే కాలవ మా రేవుని రాసుకునే పోతుంది.

పర్యాటకంతో ఊరు బాగుపడుతుందంటారు. ఊరంటే ఎవరండీ? మా అన్నయ్య పెరటి గోడ పడగొట్టి కార్ల పార్కింగు పెట్టాడు. గట్టు మీద నాలుగు టిఫిన్ బళ్ళు వెలిశాయి. అవన్నీ మగవాళ్ళ చేతికి వచ్చాయి. ఆడవాళ్ళ చేతిలోంచి ఒక గంట పోయింది. బోటు తిరిగే రోజుల్లో కోడళ్ళు చీకటితో లేచి, రేవు మానేసి చేపల చెరువుల మురుగు కాలవలో మునిగి, ఒళ్ళంతా దురదలతో ఇంటికొచ్చేవారు. ఏ అభివృద్ధి నివేదికలో ఆ దురద ఉందో చూపించండి, నేను నోరు మూసుకుంటాను.

నేను ఊరుకోలేదు. ఒక పత్రిక ఆదివారం పేజీకి మండిపడుతూ వ్యాసం రాశాను. దానికో ఫోటో కావాలన్నారు. మా రేవుదే పంపాను. పొద్దుటి మంచు, మోకాలి లోతు నీళ్ళలో నలుగురు ఆడవాళ్ళు, దూరం నుంచి, వెనక నుంచి. ముఖాలు లేవు కదా అనుకున్నాను. సగం పేజీ వేశారు.

తరవాతి వారం ఊరెళితే మామ్మ అరుగు మీద కూర్చుని చేపని బూడిదతో తోముతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుంది. వల దారంతో మెడలో కట్టుకున్న కళ్ళజోడు పైకి లాక్కుని పెట్టుకుంది. కోడలి చేత పత్రిక తెప్పించి నా ముందు పరిచింది.

"ఈ ఎర్ర చీర ఎవరో తెలుసా అబ్బాయ్?"

"తెలీదు మామ్మా. ముఖం కనపడట్లేదు కదండీ."

"నీకు కనపడదు. ఊళ్ళో అందరికీ కనపడింది. మా కోడలు."

గుమ్మంలో నిలబడ్డ కోడలే, "పోన్లెండి అత్తయ్యా, చీర బాగా పడింది" అని నవ్వేసింది. ఆ నవ్వు నన్ను కాపాడలేదు.

"మొన్నాదివారం మూడు కార్లు వచ్చేయి" అంది మామ్మ. "నీ పేపరు చేత్తో పట్టుకుని, ఈ చోటెక్కడండీ అని మమ్మల్నే అడిగేరు. బాగా రాసేవు. దారి కూడా రాసేవు."

తప్పు దిద్దుకునే తొందరలో, రేవు దగ్గర 'ప్రవేశం లేదు' అని పెద్ద బోర్డు పెట్టిద్దామన్నాను. పెట్టుబడి గురించి, భూముల ధరల గురించి పావుగంట మాట్లాడాను. ఆవిడ చేపని రెండో వైపు తిరగేసింది.

"వచ్చినోళ్ళని తిట్టడం ఎందుకు? ఆళ్ళకి వేళ తెలీదు. తెలీనోళ్ళకి చెప్పాలి. చెప్పినా వచ్చినోళ్ళ సంగతి అప్పుడు చూద్దాం."

మెతకతనం అనుకున్నాను. పై ఆదివారం ఏం జరిగిందో కోడలు చెబితే తెలిసింది. మామ్మ బకెట్టు పట్టుకుని కార్లు ఆగే మలుపులో నిలబడిందట. మొదటి కారు ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం కుటుంబానిది. మెడలో కెమెరా వేసుకుని భర్త ముందు దిగాడు.

"బాబూ, ఇది ఆడోళ్ళ వేళండీ. ఎండ నీళ్ళ మీద పడేదాకా మీరు గట్టు మీద కూర్చోండి. అమ్మా, మీరు రండి. కాళ్ళు కడుక్కుందురుగాని."

బురఖాలో ఉన్న ఆవిడ భర్త వైపు ఒకసారి చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు దిగింది. ఆఖరి మెట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, గంటసేపు లేవలేదట. పైకొచ్చాక భర్త, "ఇంతసేపు ఏంటి?" అని అడిగితే, "మీకు చెప్పేది కాదండీ" అందట.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే వరస. మామ్మ ఆడవాళ్ళని పిలిచేది, వాళ్ళు తమ మగవాళ్ళని ఆపేవాళ్ళు. మా ఊరి మగవాళ్ళం ఒక్కనాడూ కాయని కాపలా, పొరుగూరి ఆడవాళ్ళు కాశారు. వచ్చినవాళ్ళకి క్యాను నీళ్ళు తనే ఇచ్చేది, కొల్లేటి నీళ్ళు తాగద్దండీ అని హెచ్చరించి మరీ. మర్యాదంటే భయం కాదు ఆవిడకి. ఎండబెట్టిన చేపల దగ్గర ఒకాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంటే, "ఏవండీ, మీరు రాసుకున్న సెంటూ మాకు ఘాటుగానే ఉంది. మేం ముక్కు మూసుకున్నామా?" అని నవ్వుతూనే అడిగిందట. ఆయన రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

అసలు ఆ గంటలో ఏముందని కోడల్ని అడిగాను.

"మేం మాట్లాడుకునేది అప్పుడేనండీ. చెరువు పనికి కూలి ఎంత అడగాలో, ఎవరింట్లో దెబ్బలు పడ్డాయో, ఎవరి పిల్లని చదువు మాన్పిస్తున్నారో. ఇంట్లో అయితే గోడకి ఆనుకుని ఎవరో ఒకరు ఉంటారు కదండీ."

మహిళా సంఘాల మీద ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి నేను. మా ఇంటికి నాలుగడుగుల్లో రోజూ జరిగే సంఘం సంగతి నాకు తెలియదు.

గట్టు మీద సంగతి ఇలా సర్దుకున్నా, ఆరింటి బోటు మాత్రం ఆగలేదు. టిక్కెట్టు కొని కూర్చున్నవాళ్ళని మామ్మ ఎక్కడ ఆపుతుంది? చివరికి గొడవ బడిలో మీటింగు దాకా వచ్చింది. ఏలూరు నుంచి ఒక ఆఫీసరుగారు, కాంట్రాక్టరు, కుర్చీల్లో ఊరి మగవాళ్ళు. ఆడవాళ్ళు వరండాలో. "స్థానికుల ఇబ్బంది మాకు తెలుసు. టైల్సు వేయించి ఎనిమిది బాత్‌రూములు కట్టిస్తాం" అన్నాడు కాంట్రాక్టరు. అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెబుతున్నాను, నేనూ తలూపాను.

గుమ్మం దగ్గర్నుంచి మామ్మ గొంతు. "ఏవండీ బాబుగారూ, ఒక్క మాట అడగొచ్చాండీ?"

"అడగండి మామ్మగారూ."

"మీ ఇంట్లో ఆడోళ్ళు స్నానం చేసే గదికి టిక్కెట్టు ఎంతండీ?"

కాంట్రాక్టరు ముఖం కందిపోయింది. వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు.

"కోపం తెచ్చుకోకండి. మా గదికి మీరు టిక్కెట్లు అమ్ముతున్నారు కదండీ, రేటు తెలుసుకుందామని. మీ గదులు కట్టండి, వచ్చినోళ్ళకి పనికొస్తాయి. మాకు గది కాదండీ, గంట కావాలి. గూడబాతులు ఏడింటికీ ఉంటాయి. ఆటికి డ్యూటీకెళ్ళే పని లేదు."

ఆఫీసరుగారే ముందు నవ్వారు. బోటు ఏడింటి తరవాతకి మారింది. నేను ఏళ్ళ తరబడి రాసిన వ్యాసాలన్నీ కలిపినా ఒక్క బోటుని ఒక్క నిమిషం ఆపలేదు. గొంతు పెంచకుండా, 'అండీ' వదలకుండా ఆవిడ ఆపింది. ఎదుటివాణ్ణి శత్రువుగా కాదు, ఇంటికొచ్చిన మనిషిగా చూసి, అక్కడే నిలబెట్టి అడిగింది. దీన్ని పోరాటం అంటారా, అనండి. పిడికిలి బొమ్మ మాత్రం తీసేయండి.

బుధవారం కాంట్రాక్టరు కూడా దండ తెచ్చాడు, నాలుగు మంచి మాటలు చెప్పాడు. వెళుతూ వెళుతూ బోటు డ్రైవరుతో, ఈ ఆదివారం నుంచి మళ్ళీ ఆరింటికే అన్నాడట. డ్రైవరు మా ఊరివాడే. వచ్చి కోడలితో చెప్పాడు, కోడలు నాతో చెప్పింది. శనివారమంతా కూర్చుని అర్జీ రాశాను. ఆదివారం తెల్లవారకముందే గట్టెక్కి నిలబడ్డాను, కాలవ మాత్రమే కనిపించే చోట, గొంతు సవరించుకుని.

కిక్కిస దుబ్బుల వెనక బకెట్ల చప్పుడు మొదలైంది. ఆడవాళ్ళు వచ్చారు. కోడలి గొంతు గుర్తుపట్టాను. బోటు కూడా వచ్చింది, నిండా జనంతో. నేను అరవడానికి చెయ్యెత్తాను. అంతలో ఇంజను ఆగిపోయింది.

ఏం జరిగిందో తరవాత డ్రైవరు చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ, దుబ్బుల వెనక ఆ మాటలెవరివని అడిగిందట. "ఆడోళ్ళ రేవమ్మా. ఇది ఆళ్ళ వేళ" అన్నాడట. "మరి తెలిసీ ఎందుకు తీసుకొచ్చావయ్యా? ఆపు" అందట. ఆవిడెవరో మామ్మకి తెలియదు, మామ్మ ఆవిడకి తెలియదు.

నేను చూసింది మాత్రం ఇంతే. నారింజ రంగు లైఫ్ జాకెట్లలో పాతికమంది, ఒకరి తరవాత ఒకరు, రేవుకి వీపు పెట్టి అటు తిరిగి కూర్చున్నారు. అటు చూడ్డానికి ఒక్క పక్షి లేదు, ఒట్టి మంచు. దుబ్బుల వెనక ఎవరో ఏదో అన్నారు, నలుగురు నవ్వారు. ఆ నవ్వుకి బోటులో ఒకాయన తల తిప్పబోయాడు. పక్కనున్నావిడ చెయ్యి ఆయన చెంప మీదికి వచ్చి, మెల్లిగా, మళ్ళీ మంచు వైపే తిప్పింది.