బావ కారు, భాయ్ వైరింగు

తెనాలిలో పాత కార్ల ప్రస్తావన వస్తే ఇప్పటికీ ఒక కథ చెబుతారు. బాపట్ల వకీలుగారి స్పోర్ట్స్ కారును ఒక ఆటో ఎలక్ట్రీషియన్ తగలబెట్టాడని. నిజానికి కారు కాలలేదు. కాలింది దాని ఇంజన్లో కూర్చునే చిన్న నల్లటి పెట్టె. ఆ వకీలు మా బావ, మా అక్క భర్త. ఆ కథను మొదట ఊళ్ళో తిప్పినవాణ్ణి నేను. నవ్వించేలా చెప్పేవాణ్ణి కూడా. అది అబద్ధం.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. తెనాలిలో నాకు ఫ్యాన్లు, స్విచ్చులు, వైర్లు అమ్మే దుకాణం ఉండేది. బావకు ఆ కారు ఉండేది. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, నేలకు అతుక్కుపోయినట్టుండే ఎత్తు. ఇంగ్లండులో తయారైంది, వయసులో నాకంటే పెద్దది. మద్రాసులో ఎవరిదో గోడౌన్లో తుప్పు పడుతుంటే కొని తెచ్చుకున్నాడు. అక్క దానికి ‘మీ రెండో సంసారం’ అని పేరు పెట్టింది.

ఆ సంసారం సాఫీగా సాగేది కాదు. ఆ కాలపు ఇంజన్లలో పాయింట్లని రెండు చిన్న లోహపు ముక్కలుంటాయి. అవి విడిపోయినప్పుడల్లా ప్లగ్గులో రవ్వ పుడుతుంది, ఆ రవ్వతోనే బండి నడుస్తుంది. బాపట్ల ఉప్పుగాలికి అవి నల్లబడేవి. వేడెక్కితే బండి మొరాయించేది. అప్పుడల్లా తెనాలి నుంచి ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్ వెళ్ళేవాడు. చేబ్రోలు వెళ్ళే రోడ్డులో రేకుల షెడ్డు ఆయనది. గట్టిగా మాట్లాడేవాడు, తన పనిని తానే మెచ్చుకునేవాడు. పాయింట్లు గీకి, సందు సరిచేసి, ఇక ఏడాదిదాకా చూసుకోనక్కర్లేదనేవాడు. నెల తిరక్కుండా మళ్ళీ కబురు వెళ్ళేది. అయినా బావకు ఆయనంటే ఇష్టం. ఇద్దరూ బానెట్టు తెరుచుకుని గంటలు గంటలు కబుర్లాడేవారు. నాకు అది నచ్చేది కాదు. కరెంటు సంగతి నాకూ తెలుసని నా నమ్మకం. బావ నన్నొక్కసారీ అడగలేదు.

చివరికి బావ ఇంగ్లండు నుంచి ఎలక్ట్రానిక్ పెట్టె తెప్పించాడు. పాయింట్లు తీసేసి దాన్ని పెడితే గీకే పనుండదు. భాయ్‌కి అది రుచించలేదు.

“పాయింట్లయితే రోడ్డుమీద గీక్కుని ఇంటికొస్తారు సార్. ఈ పెట్టె పోతే ఏంటి గీకేది?”

“నీ పని పోతుందని భయమా భాయ్?”

“పోతే పోనివ్వండి. మీరు రోడ్డుమీద నిలబడితే తోసేది నేనేగా.”

గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. కారును మా దుకాణం వెనకాల షెడ్డులో పెట్టుకుని పని మొదలెట్టాడు. అందులో ఒక చిక్కుంది. మన బళ్ళలో బ్యాటరీ మైనస్ వైపును ఇంజను బాడీకి కలుపుతారు. ఆ పాత కారులో తిరగేసి, ప్లస్ వైపు బాడీకి ఉండేది. కొత్త పెట్టె మనవాటిలా ఉంటేనే పనిచేస్తుంది. తీగలు తారుమారైతే ఆ క్షణమే కాలిపోతుంది. అందుకని భాయ్ వైరింగంతా తిరగేశాడు. బ్యాటరీ తీగల కొసలు రెండూ ఒకే రకం, ఏది ఎటైనా బిగుసుకుంటుంది. ప్లస్‌కి పెట్టాల్సిన కొసకు ఎర్ర రంగు పూసి నాకు చూపించాడు. కారుతో వచ్చిన పుస్తకంలో ఏం రాసి ఉన్నా సరే, ఎర్రది ప్లస్‌కే అన్నాడు. నేను తలూపాను. బావా ఆయనా వేమూరుదాకా వెళ్ళొచ్చారు. కారు ఎక్కడా ఆగలేదు. విజయదశమి మర్నాడు అక్కను ఎక్కించుకుని రేపల్లెలో ఉన్న తన తల్లి దగ్గరికి వెళ్తానని బావ చెప్పాడు. అందాకా కారు నా షెడ్డులోనే ఉంది.

ఆయుధపూజ నేనే చేశాను. చక్రాలకు, స్టీరింగుకు, ఇంజనుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. బ్యాటరీనీ వదల్లేదు. రెండు తీగల కొసలకూ దట్టంగా పసుపు, మధ్యలో బొట్టు. చూసేవాళ్ళకు బాగుంటుందని హెడ్‌లైట్లు వేసి అలాగే మరిచిపోయాను. మర్నాటికి బ్యాటరీ దిగిపోయింది. విప్పి దుకాణంలో చార్జింగు పెట్టి సాయంత్రం మళ్ళీ బిగించబోయాను. రెండు కొసలూ పచ్చగా, ఎర్రగా ఒకేలా ఉన్నాయి. తుడిస్తే భాయ్ రంగు కనబడేది. పండగపూట కుంకుమ తుడవడానికి చెయ్యి రాలేదు. ఆయన షెడ్డుకు సైకిలుమీద పావుగంట దారి. వెళ్ళి అడగడానికి మనసొప్పలేదు. భాయ్ మాటకన్నా పుస్తకాన్నే నమ్మి, అందులో ఉన్నట్టు ప్లస్సును బాడీకి బిగించాను. తేడా వచ్చినా ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంట్లో ఫ్యానుకు తీగలు అటూ ఇటూ అయినా అది తిరగడం మానదు కదా.

తాళం తిప్పాను. ఇంజను గిరగిరా తిరిగింది గాని అందుకోలేదు. కాలిన వాసన వచ్చింది. వెంటనే తీగలు మార్చి మళ్ళీ ప్రయత్నించాను. లాభం లేకపోయింది. చెదిరిన బొట్లు మళ్ళీ దిద్ది, షెడ్డు తలుపు వేసి ఇంటికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున బావ, అక్క రైలు దిగి వచ్చారు. అక్క కొత్త చీర కట్టుకుంది, రేపల్లెకు పట్టుకెళ్ళడానికి స్వీట్లు తెచ్చింది. కారు స్టార్టు కాకపోతే భాయ్‌ని పిలిపించారు. ప్లగ్గు విప్పి చూశాడు, రవ్వ లేదు. ప్లగ్గుకు రవ్వ అందించే కాయిల్ దాకా కరెంటు వస్తోంది. మూత తీసి, కొత్త నల్లపెట్టెను విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఇది చచ్చిపోయింది సార్. ఎవరో బ్యాటరీ తిప్పి పెట్టారు.”

“సరిగ్గానే ఉందిగా భాయ్,” అన్నాడు బావ.

“ఇప్పుడు సరిగ్గానే ఉందండి.”

బావ నావైపు తిరిగాడు. “ఏరా, నువ్వేమన్నా ముట్టుకున్నావా?”

“బొట్టు పెట్టానంతే బావా.”

భాయ్ నా మొహంలోకి చూశాడు. పక్క దుకాణాలవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. అక్క బావ పక్కనే ఉంది. ఆమె ముందు ఆమె తమ్ముడి మాట నమ్మనని ఏ అల్లుడూ అనడు. అది నాకు తెలుసు, తెలిసే ఆ మాట అన్నాను.

“అయితే మా బామ్మర్ది అబద్ధం చెబుతున్నాడంటావా?” అన్నాడు బావ.

“నేనామాట అన్లేదండి,” అని భాయ్ పనిముట్లు సర్దుకోసాగాడు.

అక్కడితో ఆపినా కొంత నయం. ఎవరూ అడక్కుండానే నేను ఇంకొకటి కలిపాను. “వైరింగంతా తిరగేశాడుగా బావా, ఎక్కడో తేడా చేసుంటాడు.” భాయ్ విన్నాడు. పనిముట్ల పెట్టె మూసుకుని వెళ్ళిపోయాడు. అక్కా బావా స్వీట్లతో బస్సులో రేపల్లె వెళ్ళారు.

ఆ తర్వాత గుంటూరు నుంచి ఎవరో వచ్చి కారుకు మళ్ళీ పాయింట్లే పెట్టారు. వకీలుగారే ఆయన్ని మాన్పించారంటే ఏదో ఉండే ఉంటుందని పాత బళ్ళవాళ్ళు భాయ్ దగ్గరికి వెళ్ళడం తగ్గించారు. పూజ చేసిన బండిని ఆయన చేతికి ఇవ్వడమేమిటని మా దుకాణంలో ఒకతను ఎకసెక్కంగా అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. పూజ తర్వాత పెట్టె కాలేదాకా ఆ బండిని ముట్టుకున్నది నేనొక్కణ్ణే. కొన్నాళ్ళకు ఆ రేకుల షెడ్డులో ఎవరో సిమెంటు బస్తాలు వేసుకున్నారు.

కొన్నేళ్ళకు దుకాణం పనిమీద రేపల్లె వెళ్ళినప్పుడు బస్టాండు దగ్గర ఆయన కనిపించాడు. ఆటోల బ్యాటరీల్లో నీళ్ళు పోస్తున్నాడు. గడ్డం నెరిసింది, మాట నెమ్మదించింది. నన్ను గుర్తుపట్టి స్టూలు జరిపాడు. కూర్చోలేకపోయాను. నిలబడే, ఆ రోజు బ్యాటరీ తిప్పింది నేనేనండి అని చెప్పాను. ఆయన నీళ్ళ డబ్బా కింద పెట్టలేదు.

“నాకు చెప్పేదేముందండి? నాకు ఆరోజే తెలుసు. తెలియనోళ్ళకి చెప్పండి.”

అక్కణ్ణుంచి బాపట్ల బస్సెక్కాను. దారంతా బావ ఏమంటాడో ఊహించుకుంటూ వెళ్ళాను. తిడతాడనుకున్నాను. ఒక విధంగా తిట్టాలనే కోరుకున్నాను. ఆయన వరండాలో కేసు కాగితాలు చూసుకుంటున్నాడు. అంతా విని కళ్ళజోడు తీశాడు.

“తెలుసురా. దిద్దిన బొట్టు తెలియదా? తీగ కింద కూడా కుంకుమ పడుంది, విప్పి బిగించకపోతే అక్కడికెలా వస్తుంది?”

“మరి అప్పుడే ఎందుకనలేదు?”

“మీ అక్క నిలబడి ఉంది. నిన్ను అందరిముందూ అబద్ధాలకోరుని చేసి, ఆమెతో కాపురం చెయ్యనా?”

“మరి భాయ్?”

బావ కేసు కాగితాలు దొంతిగా సర్దాడు. “పనివాడు కదా, ఇంకో నాలుగు బళ్ళు చూసుకుంటాడులే అనుకున్నాను,” అన్నాడు. కాఫీ తాగి వెళ్ళమన్నాడు. తాగాను.

అంటే తెలియవలసిన వాళ్ళందరికీ మొదటినుంచీ తెలుసు. తెలియనిది ఊరికి. ఆ కథ నా నోటివెంట విని నవ్వినవాళ్ళలో కొందరికి దుకాణంలోనే నిజం చెప్పి చూశాను. ఇప్పుడెందుకండీ అవన్నీ అని కొట్టిపారేశారు. ఒకాయనైతే, పాపం భాయ్‌ని కాపాడుతున్నారు, మీది పెద్ద మనసు అన్నాడు. అందుకే రాస్తున్నాను. ఆ కారుకు భాయ్ చేసిన వైరింగులో ఏ తప్పూ లేదు. బ్యాటరీ తిప్పింది నేను. నాకు పెద్ద మనసు లేదు.