చల్లారాక మళ్ళీ బిగించాలి

ఆదివారం ఉదయం ఆరున్నరకు దోర్నపాల్‌లో మా పక్కింటి బళ్ళ మేస్త్రి చనిపోయారు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, షెడ్డు ముందున్న బల్ల మీద కూర్చున్నారు. ఆయన భార్య చీపురు పట్టుకుని బయటికొచ్చేసరికే ఊపిరి లేదు. గుండె ఆగిందన్నారు డాక్టరు. ఆయన చేతిలో అప్పటికి మిగిలిన పని ఒకటే. జగర్గుండా అవతలి పల్లె నుంచి వచ్చిన వ్యాను, ఇంజన్ పైభాగం విప్పేసి, గోనెపట్టా కప్పి షెడ్డులో ఉంది.

ఆ షెడ్డుకూ నేను అద్దెకుంటున్న గదికీ ఒకటే గోడ. వార్తల కోసం తిరిగి వచ్చి మధ్యాహ్నం నడుం వాలిస్తే, గోడ అవతల ఏదో ఒక ఇంజన్ మోగుతూనే ఉండేది. మేస్త్రి భద్రాచలం వైపు మనిషి. లారీ క్లీనరుగా వచ్చి ఈ రోడ్డు పక్కన దిగి, ఇక్కడే ఉండిపోయారు. అడవిలో కాల్పులు నడిచి జగర్గుండా దారి తెగి ఉన్న ఏళ్ళలో కూడా షెడ్డు మూయలేదు. బళ్ళు రానప్పుడు సైకిళ్ళు బాగుచేశారు. సైకిళ్ళు కూడా రానప్పుడు పానాలకు నూనె రాసి వరసగా పేర్చుకున్నారు.

ఈ మధ్య బాగా అలిసిపోయారు. బండి కింద దూరితే తనంతట తాను లేవలేకపోయేవారు.

"ఓయ్, జర చెయ్యియ్యవే" అని లోపలికి కేకేసేవారు.

"దూరేటప్పుడు నన్నడిగి దూరినవా?" అంటూనే భార్య వచ్చి లేపేవారు.

ఇక్కడ బండి వేడెక్కితే డ్రైవర్లందరి నోటా ఒకటే మాట: హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంజన్ దిమ్మకూ, దాని మీద కూర్చునే హెడ్‌కూ మధ్య ఉండే పల్చటి రేకు అది. అది కాలితే మంట వెళ్ళి నీళ్ళలో పడుతుంది, నీళ్ళు మరుగుతాయి. మేస్త్రి మాత్రం ఆ మాట అంత తొందరగా ఒప్పుకునేవారు కాదు. ముందు రేడియేటర్ మూత తీసి లోపల వేలు పెట్టి చూసేవారు. వేలికి ఎర్రమడ్డి అంటుకునేది. దారిలో వేడెక్కిన బండికి దగ్గర్లోని వాగు నీళ్ళు పోయడం ఇక్కడి అలవాటు. కొండల మీది నుంచి దిగే ఆ నీళ్ళు తుప్పులాంటి మట్టిని మోసుకొస్తాయి. రేడియేటర్ గొట్టాల్లో ఆ మట్టి గట్టిపడితే నీరు ఆడదు. దానికి ఆయన మందు చింతపండు. భార్య పెద్ద గుండిగలో చింతపండు ఉడికించి ఇస్తే, ఆ పులుసు రేడియేటర్‌లో పోసి, నానబెట్టి, కడిగేసేవారు. గ్యాస్కెట్ పోయిందని ఏడుస్తూ వచ్చిన బళ్ళు చాలావరకు అలా కడిగించుకునే వెళ్ళిపోయాయి.

ఈ వ్యాను మొదటిసారి వచ్చిన రోజు నేను బల్ల మీదే ఉన్నాను. తోలేది దోర్ల తెగ మనిషి. ఆ పల్లెకు ఉన్నది అదొక్కటే బండి. ఊరి చింతపండంతా దాంట్లోనే దోర్నపాల్ సంతకు రావాలి.

"మామా, గ్యాస్కెట్ పొయ్యింది. హెడ్ ఇప్పు."

"డాక్టర్‌వి నువ్వా, నేనా? కూసో. ఏం నీళ్ళు పోసినవ్?"

"బోరింగ్ నీళ్ళే మామా."

మేస్త్రి ఎర్రటి వేలు అతని ముక్కు దగ్గర పెట్టారు. "మీ ఊర్ల వాగుకు బోరింగ్ ఏశిన్రా అల్లుడా? ఇంజన్ అబద్ధమాడదు. దాన్ని తెచ్చినోడే ఆడతడు."

అతను నవ్వేశాడు. గుండిగలోకి చింతపండు పడుతుంటే చూసి, "అత్తా, మేం అమ్మనీకి తెచ్చిన సరుకు మా బండికే తాగిస్తున్నరు" అన్నాడు.

"తాగనియ్యి. దాని కడుపు చల్లబడితేనే మీరు అమ్మేది" అన్నారామె.

బండి బాగానే వెళ్ళింది. కొన్నాళ్ళు సంతకు వచ్చింది కూడా. తర్వాత ఒక రోజు ట్రాక్టరు వెనక తాడుతో లాక్కొచ్చారు. నిండు బరువుతో కొండ చడావ్ ఎక్కుతుంటే మళ్ళీ మరిగింది. ఎక్కిన ఆడవాళ్ళు చింతపండు గంపలు నెత్తిన పెట్టుకుని మిగతా దారి నడిచారు.

డ్రైవరు దిగీ దిగగానే మూత మీద చెయ్యి వేశాడు. మేస్త్రి ఆ చెయ్యి తీసేశారు.

"వేడి మీద మూత తియ్యొద్దు. ఎన్నిసార్లు చెప్పాల్నయ్యా."

"ఎట్ల ఆగమంటవ్ మామా? మిగిలిన సరుకంతా ఊర్లనే ఉంది. ఒక్క వాన పడ్డదంటే నల్లబడతది. నల్లబడ్డది ఎవడు కొంటడు? ఊరు ఊరంతా నా మొహమే చూస్తున్నరు."

"తెల్వదా నాకు? పొద్దున దాకా ఆగు."

మర్నాడు ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక మూత తీసి, స్టార్ట్ చేయించారు. నీళ్ళింకా చేతికి చల్లగా ఉండగానే బుడగలు వచ్చాయి. ఆయన ఒక్కో సిలిండరుకు డీజిల్ వెళ్ళే గొట్టాన్ని వదులు చేసి, మళ్ళీ బిగిస్తూ పోయారు. వదులు చేసినంతసేపు ఆ సిలిండరులో మంట ఉండదు. మొదటిదానికి బుడగలు ఆగలేదు. రెండోదానికీ ఆగలేదు. మూడోది వదులు చేయగానే ఆగిపోయాయి. బిగిస్తే మళ్ళీ వచ్చాయి. ఆ మూడోదాన్నే ఆయన ఇంకోసారి వదులు చేసి, బిగించి చూశారు. అప్పుడు ఇంజన్ ఆపమని సైగ చేసి, పాత టైరు మీద కూర్చున్నారు.

"గ్యాస్కెటే అల్లుడా. నువ్వు మొదటి రోజే అన్నవ్."

"మరి ఎర్రమట్టి?"

"అదీ నిజమే. మట్టికి బండి కాగింది, ఆ కాకకు గ్యాస్కెట్ కాలింది. ఒకటి దొరకంగనే నేను రెండోది ఎతకలే. ఎప్పుడూ మట్టే కదా అనుకున్న."

విలేకరి పనిలో ఎంతో కాలంగా ఉన్నాను. పొరపాటు ఎలా జరుగుతుందో ఇంత తక్కువ మాటల్లో ఎవరూ నాకు చెప్పలేదు.

హెడ్ విప్పి చూస్తే, గ్యాస్కెట్ మీద మూడో సిలిండరు అంచు నుంచి నీటి రంధ్రం దాకా నల్లటి గీత ఉంది. హెడ్ మీద ఇనప స్కేలు నిలబెడితే కింది నుంచి వెలుతురు కనబడింది. వంగిందని అర్థం. దాన్ని చదును చేయించడానికి జగదల్‌పూర్ బస్సు ఎక్కించారు. కాలిన గ్యాస్కెట్‌ను షెడ్డులో మేకుకు తగిలించారు. "వానకు ముందు నీ బండి సంతకొస్తది. నాది జిమ్మేదారీ" అని డ్రైవరుకు మాటిచ్చి పంపారు. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదని భార్య తర్వాత చెప్పారు.

ఆదివారం మధ్యాహ్నం అంత్యక్రియలకు ఆ డ్రైవరు ఎవరిదో మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. అంతా అయ్యాక షెడ్డు బయట నిలబడ్డాడు కానీ వ్యాను వైపు చూడలేదు. ఆమే పిలిచారు.

"బండి సంగతి అడగవేంది?"

"ఇప్పుడేం అడుగుత అత్తా."

"ఆయన మాటిచ్చిండు గదా. హెడ్ రానియ్. సుక్మా మేస్త్రికి ఫోన్ చేసిన, వస్తనన్నడు."

"ఆయన మామ లెక్క చేస్తడా?"

"బిగించేది సుక్మా ఆయనే. బ్యాటరీ లైట్ పట్టుకుని పక్కన నిలబడేది నేను. ఇన్నేండ్లు నిలబడ్డ. నడిమి బోల్టు నుంచి అంచులకు రావాలె, ఒక్కపట్టున బిగించొద్దు. అది అందరికీ తెల్సు. కానీ నడిపితే కొత్త గ్యాస్కెట్ అణిగి బోల్టులు వదులైతయ్, చల్లారినాక మళ్ళ బిగించాలె. అది తెల్సినా ఎవ్వరూ ఆగరు. ఆగేదాక నేను తాళం చెవి ఇయ్య."

చదును చేసిన హెడ్ మంగళవారం సాయంత్రం జగదల్‌పూర్ బస్సులో వస్తుంది. బుధవారం సుక్మా మేస్త్రి బిగిస్తారు. రేడియేటర్‌లో పోయడానికి డ్రైవరు ఈసారి నిజంగానే బోరింగ్ నీళ్ళు పట్టి, డబ్బాలు గోడ వారన పెట్టి వెళ్ళాడు. ఇంజన్ కాసేపు నడిపి ఆపుతారు. ఆ తర్వాత ఆ రోజు దాన్నెవరూ ముట్టుకోరు. గురువారం పొద్దున, ఇంజన్ చల్లారాక, ఆమె లైటు పట్టుకుంటారు. బోల్టులు మళ్ళీ బిగిస్తారు.