నిద్రలో ఉన్న నాలుగో మనిషి

ఆ రోజు సూరత్ సెషన్స్ కోర్టులో సాక్షిగా బోనెక్కి నేను ఒక మాట దాచాను. గదిలో ఎంతమంది ఉన్నారని సర్కారు వకీలు అడిగితే నలుగురని చెప్పాను. వాళ్లలో ఒకాయన నిద్రపోతున్నాడని చెప్పలేదు. అన్నం డబ్బా తీసుకుని వెంటనే వెళ్లిపోయానన్నాను. అది అబద్ధం.

సూరత్ పక్కన కడోదరాలో మరమగ్గాల మీద పనిచేసే మా తెలంగాణవాళ్లకు మనిషికో పరుపు ఉండదు. పగటి షిఫ్టువాడు రాత్రి పడుకున్న పరుపు మీదే రాత్రి షిఫ్టువాడు పగలు పడుకుంటాడు. నా పరుపు మీద పగలు పడుకునేది మా పక్క ఊరాయన. నాకన్నా పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గుమ్మంలో ఎదురుపడేవాళ్లం. మా స్నేహం అంతవరకే.

సర్కారు వకీలు అడిగిన ఆ మధ్యాహ్నం నేను తినడానికి గదికి వచ్చాను. మాతో ఉండే ముగ్గురు తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నారు. ముందురోజు షెడ్డు మేస్త్రీ వాళ్లలో ఒకణ్ని అందరి ముందు చెప్పుతో కొట్టాడు. ఆ మాటే నడుస్తోంది. అన్న ముఖం మీద తువ్వాలు కప్పుకుని గురక పెడుతున్నాడు. ఆయన కాళ్ల దగ్గర కాస్త జాగా చేసుకుని తిన్నాను. "ఇయ్యాల వాని సంగతి చూడాలె" అన్నాడొకడు. మిగతా ఇద్దరూ సరేనన్నారు. కోపం మీద అందరూ అనే మాటే కదా అనుకుని డబ్బా కడుక్కుని పనికి పోయాను. మర్నాడు మేస్త్రీ శవం కాలువ పక్కన దొరికింది.

అన్నకూ మేస్త్రీతో పాత గొడవ ఉండేది. పోలీసులు నలుగురినీ పట్టుకుపోయారు. కోర్టులో అన్న నిద్రపోతున్నాడని నేనంటే, నీకెలా తెలుసు, ఎంతసేపున్నావు, ఏం విన్నావు అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు భయపడ్డాను. నలుగురూ ఆ గదిలో కూడి కుట్ర చేశారని తీర్పు వచ్చింది. నలుగురికీ యావజ్జీవం పడింది. అన్న హైకోర్టుకు అప్పీలు చేసుకున్నాడు. ఇక్కడ పరుపు రాత్రీ పగలూ నాదైంది. సెలవు రోజున మధ్యాహ్నం పూట దాని మీద కాళ్లు చాపుకుని నిద్రపోయాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

కరోనా రెండో ఏడు, జైళ్లు కిక్కిరిసి ఉన్నాయని కొందరు ఖైదీలను కొన్ని వారాలు ఇళ్లకు పంపారు. అన్న వచ్చాడు. అప్పటికే ఆయన భార్య, మా వదినె, ఊరి నుంచి వచ్చి, చీరలకు లేసులు కుట్టుకుంటూ మా గల్లీలోనే ఉంటోంది. రెండు రోజులు తప్పించుకు తిరిగి మూడో రోజు వెళ్లాను. అన్న బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి మాస్కు కిందికి లాగి నవ్వాడు.

"ఏం తమ్మీ, నా పరుపు ఉన్నదా, ఆగం జేసినవా?"

"ఉన్నదన్నా."

"పొద్దు మాపు నీదే గద. నవాబువైనవ్ పో. జైల్ల గూడ జాగ తక్వనే గాని, లే, నా షిఫ్టయింది అని తన్నేటోడు లేడు."

వదినె కుట్టే చీర పక్కన పెట్టింది. "ఆ నవ్వుడు బంద్ జేసి అడిగేదేదో అడుగు."

అన్న నవ్వు ఆపాడు. "వకీలు తీర్పు సదివి చెప్పిండు తమ్మీ. మేం నలుగురం కూసొని మాట్లాడుకున్నమని అండ్ల ఉన్నదట. నీ సాక్ష్యం మీదనే రాసిండ్రట. నేనేం మాట్లాడిన్నో జర చెప్పు. ఎంత సోంచాయించినా నాకు యాదికొస్తలేదు."

ఆయన ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగాడు. నిద్రలో ఉన్నవాడికి ఏం తెలుస్తుంది? ఆ రోజు ఆ గదిలో ఏం జరిగిందో తీర్పు విన్నాకే ఆయనకు తెలిసింది.

"నువ్వేం మాట్లాడలేదన్నా. పండుకున్నవ్."

వదినె లేచి నిలబడింది. "గా మాట కోర్టుల ఎందుకు చెప్పలే?"

"ఎవరూ అడగలే వదినె."

"అడగకపోతే నీ నోరు పడిపోయిందా? పిల్లలకు జ్వరమొస్తే అడిగినంకనే చెప్తమా?"

 అన్న మాస్కు మళ్లీ పైకి లాక్కున్నాడు. ఒక్క మాట తిట్టినా బాగుండేది.

మర్నాడే వదినెతో సలాబత్‌పురాలో ఉన్న వాళ్ల వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని హిందీలో విడమరచి చెప్పాడు. ఒకే చోట ఉంటే కుట్ర కాదు, నలుగురి మనసూ ఒకటి కావాలి, నిద్రపోయేవాడు దేనికి ఒప్పుకుంటాడు? కానీ హైకోర్టు కాగితాల్లో ఉన్నదే చూస్తుంది. కాగితాల్లో నిద్ర లేదు. కొత్తగా అఫిడవిట్ వేద్దాం, తీసుకుంటారన్న నమ్మకం నాకు లేదు అన్నాడు.

అఫిడవిట్ వేశాక కూడా ఏమీ తేలలేదు. కరోనా వల్ల హైకోర్టు విచారణ వీడియోగా ఫోనులో వచ్చేది. వకీలు ఆఫీసులో అన్న, వదినె, నేను ముగ్గురం ఆ చిన్న తెర ముందు కూర్చునేవాళ్లం. మా కేసు పిలిచేలోపే మాట వినబడకుండా తెగిపోయేది, లేదా వాయిదా పడేది. గడువు ముగిసి అన్న జైలుకు తిరిగిపోయాడు. వెళ్లేరోజు బస్సు దాకా నేనే సంచి మోశాను. "పైలం తమ్మీ" అన్నాడు. జాగ్రత్త అన్న ఆ మాట నేను అనాల్సింది.

అంతకుముందు, అఫిడవిట్ రాయించిన రోజు వకీలు ఒక్క వాక్యం దగ్గర ఆగాడు. ఆ మధ్యాహ్నం నేను గదిలోనే కూర్చుని తిన్నాననీ, ముగ్గురి మాటలూ విన్నాననీ, ఎవరికీ చెప్పలేదనీ ఉన్న వాక్యం. మెలకువగా ఉండి విన్నది నేను. శిక్ష నిద్రపోయినవాడికి పడింది. చెప్పి ఉంటే మేస్త్రీ కూడా బతికేవాడేమో.

"యే లైన్ నికాల్ దో భాయ్," ఈ వాక్యం తీసెయ్ అన్నాడాయన. ఆ వాక్యం ఉంటే కేసు నా మెడకు చుట్టుకుంటుందట. నిద్రపోతున్నాడని మాత్రం రాస్తే చాలన్నాడు.

వదినె నా ముఖంలోకి చూస్తోంది. ఆ వాక్యం లేకపోతే, అన్న నిద్రపోయాడని నాకెలా తెలుసని అడిగితే మళ్లీ నా దగ్గర జవాబుండదు. తీయొద్దన్నాను. వకీలు ఇంకోసారి చదివి వినిపించాడు. ప్రతి పేజీ కింద సంతకం చేశాను.