మెయిన్ ఆపేసి వచ్చాం

తెనాలిలో మా ఆఫీసు ఉన్న మేడ అద్దెది. కింద ఎరువుల కొట్టు, పైన మేం. మా ఓనరుగారికి ప్రపంచంలో గిట్టని మాట ఒకటే, అద్దె. అమృతలూరు వైపు తరాలుగా సొంత పొలం చేసుకున్న కుటుంబం వాళ్లది. ఒకటో తారీఖున ఆ మేడకు అద్దె కట్టేటప్పుడు ఆయన ముఖం చూస్తే పన్ను పీకించుకుంటున్నారేమో అనిపిస్తుంది.

మా పని రొయ్యల చెరువులతో. చెరువు గట్టున ఒక చిన్న పెట్టె బిగిస్తాం. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే ఆ పెట్టె రైతుకు ఫోను చేస్తుంది. రైతు పరుగెత్తి జనరేటర్ వేసుకుంటాడు. ఆలస్యమైతే రొయ్యలకు ఊపిరాడదు, అన్ని నెలల కష్టమూ తెల్లారేసరికి నీళ్ల మీద తేలుతుంది. ఆ పెట్టెలోని ప్రోగ్రాము రాసేది నేను.

రాసిన ప్రతి మార్పునూ తీసుకుని, పరీక్షలు పెట్టి, పాసైతేనే పెట్టెలకు పంపే ఏర్పాటు ఒకటి కావలసి వచ్చింది. అప్పటిదాకా ఆ చాకిరీ అంతా నేనే చేత్తో చేసేదాన్ని. దానికి రెండు దారులున్నాయి. ఇంటర్నెట్‌లో వేరేవాళ్లు నడిపేదాన్ని నెలవారీ అద్దెకు వాడుకోవడం ఒకటి, మనమే ఒక కంప్యూటర్ కొని మన దగ్గర నడుపుకోవడం రెండోది. నేను అద్దె పార్టీ. ఓనరుగారు ఏ పార్టీయో చెప్పక్కర్లేదు.

"కరెంటు, దుమ్ము, ఎలుకలు, అన్నీ వాళ్ల తలనొప్పి సార్. మనం హాయిగా ఉండొచ్చు," అన్నాను.

"మన తాళం ఇంకోళ్ల చేతిలో పెట్టి హాయిగా ఎట్లా ఉంటామమ్మా?"

"మన రైతులంతా కౌలు చెరువులవాళ్లేగా సార్. వాళ్లు ఉండట్లేదా?"

"అందుకే అందరికీ బీపీలు," అన్నారు. చర్చ అక్కడితో అయిపోయింది.

సొంత కంప్యూటర్ వచ్చింది. అయితే అద్దె మేడలో పెడితే అదీ అద్దె బతుకే అవుతుందని ఆయనకు తోచింది. అందుకని తెనాలిలోనే ఉన్న వాళ్లింటి మీద గదిలో, బియ్యం బస్తాల పక్కన బల్ల వేసి పెట్టించారు. కొబ్బరికాయ కొట్టి, సరిగ్గా గాలి పోయే రంధ్రాల మీద పసుపూ కుంకుమా అద్దారు. మా పెట్టెలు మా డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రామును తప్ప దేన్నీ లోపలికి రానివ్వవు. ఆ సంతకం ఆ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా ఉండకూడదన్నారు. ఆన్ చేసినప్పుడల్లా అది అడిగే పాస్‌వర్డ్ తనకొక్కరికే తెలియాలన్నారు. కరెంటు పోయినా ఆగకుండా కొత్త ఇన్వర్టర్ కూడా వేయించారు. నిజం చెప్పొద్దూ, కొన్ని నెలల పాటు అది చక్కగా పనిచేసింది. నా కడుపుమంట అంతా అదే.

తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, రేపల్లెలో మా ఇంటికి అడవులదీవి నుంచి ఒక రైతు వచ్చారు. హెల్మెట్ చేతిలోనే ఉంది, మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"రాత్రి కరెంటు పోయిందమ్మా. మీ పెట్టె ఫోను చెయ్యలా. ఏదో మెలకువగా ఉన్నా కాబట్టి సరిపోయింది. ఇంకో వారంలో పట్టాల్సిన రొయ్యలు."

"అయ్యో! ఇప్పుడే చూస్తానుండండి అన్నయ్యగారూ."

"రేపు పొద్దున్నే మా ఇంటావిడకి ఆపరేషనమ్మా. రాత్రికి ఇక్కడే ఆస్పత్రిలో ఉండాలి. మీ పెట్టె ఉందిగదా అని కాపలా మనిషిని కూడా మానిపించా."

"గట్టు మీద ఇంకెవరూ లేరా?"

"మా బావమరిది పడుకుంటాడు." హెల్మెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని అన్నారు, "పడుకుంటాడు, అంతే. లేవడం సంగతి నేను చెప్పలేను. ఫోను మోగిందంటే మాత్రం నేను ఆస్పత్రి నుంచి వాడు లేచేదాకా చేస్తా."

ఆయన్ను వరండాలో కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ తెరిచాను. అంతకుముందు వారం పంపిన మార్పులోనే ఉంది తప్పు. దాన్ని సరిచెయ్యడం పెద్ద పనేం కాలేదు. సరిచేసి పంపితే తెనాలి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. మా సొంత కంప్యూటర్ అడ్రసు లేకుండా పోయింది.

ఓనరుగారికి ఫోను చేశాను. వెనక పెళ్లి బ్యాండు. కుటుంబమంతా బాపట్లలో మేనకోడలి పెళ్లిలో ఉన్నారు.

"సార్, మన కంప్యూటర్ ఆగిపోయింది."

"ఆగదమ్మా. ఇన్వర్టర్ ఉందిగా."

పక్కనుంచి వాళ్లావిడ గొంతు వినిపించింది. "ఊరెళ్లేటప్పుడు గ్యాసు కట్టేసి, మెయిన్ ఆపేసి వచ్చానుగా. ఆ ఇన్వర్టర్ కూడా ఆపేశా. మనం లేనప్పుడు అది పేలితే?"

ఆవిడను ఏమనగలం? మా అమ్మా అంతే, నేనూ అంతే. కరెంటు పోతే కేకవేసే పెట్టెలను ఊరూరా బిగించిన కంపెనీకి తన కరెంటు తనే తీసేసుకున్న సంగతి తెలియలేదు. నవ్వాల్సిన విషయమే, కానీ ఎదురుగా ఆ మనిషి హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని నా వంకే చూస్తున్నాడు. నాకు భయమేసింది.

"నేను బయల్దేరి వస్తానమ్మా," అన్నారు ఓనరుగారు. ఎట్లా వస్తారు? ఆయన పెళ్లికూతురికి మేనమామ. బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సింది ఆయనే. ముహూర్తం దగ్గరపడుతోంది.

అప్పుడు వాళ్లావిడ ఫోను లాక్కుంది. "నువ్వు కంగారుపడకమ్మాయ్. తాళంచెవి పక్కింటి వదిన దగ్గర ఉంటుంది. నేను చెప్తా, ఆవిడ వెళ్లి వేస్తుంది."

తర్వాత ఓనరుగారి గొంతు, చాలా మెల్లగా వచ్చింది. "మనింటి తాళంచెవి వాళ్లింట్లో ఎప్పట్నుంచీ ఉంటుంది?"

"ఇల్లు కట్టిన కాడ్నుంచీ. మొక్కలకి నీళ్లెవరు పోస్తున్నారనుకున్నారు?"

పక్కింటి వదిన అంటే టైలరింగ్ చేసే ముస్లిం కుటుంబంలో పెద్దావిడ. నేను వీడియో కాల్ చేసేసరికి ఆవిడ మెయిన్ వేసి, మెట్లెక్కి, కంప్యూటర్ ముందు నిలబడి ఉంది. "దీని మీద మరమరాల డబ్బా పెట్టారమ్మా, తియ్యనా?" అంది. తియ్యమన్నాను. బటన్ నొక్కింది. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. బాపట్లను కూడా కాల్‌లో కలిపాను. తనకొక్కరికే తెలియాలన్న ఆ పాస్‌వర్డ్‌ను ఓనరుగారు బ్యాండును మించి అక్షరం అక్షరం అరిచారు. మగపెళ్లివారితో సహా అందరికీ వినిపించే ఉంటుంది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరమే కొట్టింది, ఒక్కటీ తప్పు పోలేదు. నేను మార్పును మళ్లీ పంపాను. పరీక్షలు మొదలయ్యాయి.

"పసుపు రంగులో ఏదో తిరుగుతుందమ్మా."

"తిరగనివ్వండి ఆంటీ."

"ఆఁ, ఆకుపచ్చగా అయింది. మంచిదేనా?"

మంచిదేనన్నాను. పరీక్షలన్నీ పాసై, మార్పు పెట్టెకు చేరింది. అడవులదీవిలో బావమరిదిని లేపించి చెరువు దగ్గర స్విచ్ ఆపించాం. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత మా వరండాలో రైతు చొక్కా జేబులో ఫోను మోగింది. ఆయన ఎత్తలేదు. ఆ జేబు మీద చెయ్యి పెట్టుకుని, అది ఆగేదాకా మోగనిచ్చారు. ఆయన అప్పుడు మంచినీళ్లు అడిగి తాగి, ఆస్పత్రికి వెళ్లిపోయారు.

సోమవారం నేను ఆఫీసుకు గెలిచినదానిలా వెళ్లాను. ఇక అద్దె ఏర్పాటే అని, ఏం మాట్లాడాలో రైల్లోనే అనుకుంటూ వచ్చాను. ఓనరుగారు నన్ను నోరు తెరవనివ్వలేదు.

"అద్దెకి పోదామంటావు, అంతేగా? అక్కర్లేదు. ఆ పైగదికి కొత్తగా తాళం వేయించి, దాని చెవి కూడా ఒకటి పక్కింట్లో ఇచ్చా. పాస్‌వర్డ్ మార్చా. కొత్తది కూడా ఆవిడకి చెప్పా."

"మన తాళం ఇంకోళ్ల చేతిలోనా సార్?"

"ఇంకోళ్లేంటమ్మా? పక్కింటావిడేగా!" అన్నారు, నాకే బుద్ధి లేనట్టు.

నా సీట్లోకి వెళ్తుంటే అడవులదీవి నుంచి ఫోను. ఆపరేషన్ బాగా జరిగిందట. రాత్రి కరెంటు మళ్లీ పోయిందట, పెట్టె మోగిందట, చాలాసేపటికి బావమరిది కూడా లేచాడట. రొయ్యలు బాగానే ఉన్నాయట.

"సంతోషం అన్నయ్యగారూ. మళ్లీ ఏదైనా తేడా వస్తే మన ఆఫీసు నంబరుకి చెయ్యండి. ఎవరో ఒకరం ఉంటాం."

ఆయన కాస్త మొహమాటపడ్డారు.

"ఆఫీసు నంబరు ఉందిలేమ్మా. ఆ పక్కింటావిడ నంబరు ఇస్తారా?"