దమయంతమ్మ గారు వాయించిన గీజర్

మూలపేటలో పోర్టు పనులు మొదలైన 2023 నాటి సంగతి. నేను టెక్కలిలో ప్లంబరుని. ఐదో తరగతితో బడి మానేశాను గానీ, చేసిన ప్రతి పనీ ఆ ఇంటి గోడతో సహా గుర్తుంటుంది. ఉద్దానంలో ఒక కొబ్బరి రైతు ఇంటికి పాత గీజర్ దించమని పిలిచారు. నీళ్ళు కాగడానికి గంట పైన పడుతోందట. ఆ పొద్దున కూడా దాంతోనే కాచుకున్నారు.

కరెంటు ఆపి, వచ్చే నీళ్ళు కట్టేశాను. ఉప్పుగాలికి పొక్కిపోయిన పైరేకు చేత్తో పీకితేనే ఊడి, లోపలి ఇనుప ట్యాంకు బయటపడింది. వేడినీళ్ళ పైపు తీసి, కింద ఇన్‌లెట్, అంటే చన్నీళ్ళు లోపలికెళ్ళే దారి, విప్పాను. అరబకెట్టు వేడినీళ్ళు వచ్చి ఆగిపోయాయి. ఖాళీ అయిందనుకుని స్టూలెక్కి గోడ బోల్టు తిప్పబోతే స్పానర్ జారి ట్యాంకుకి తగిలింది.

ఇంటి పెద్దావిడ దమయంతమ్మ గారు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. "ఆ బోల్టు ఇప్పకు బాబూ. దాన్లో నీళ్ళున్నాయి" అన్నారు.

"లేవమ్మా. సుక్క కూడా రాట్లేదు, సూడు."

"రాకపోతే లేనట్టేటి?"

కోడలు నవ్వింది. "మీ పని మీరు కానీండి మేస్త్రీ. మా అత్తకి అన్నీ కొబ్బరికాయల్లాగే కనిపిత్తాయి."

ఆవిడ లేచొచ్చి నన్ను దిగమన్నారు. తానే స్టూలెక్కి వేలి కణుపుతో ట్యాంకుని పైనుంచి కిందికి కొడుతూ వచ్చారు. సగం దగ్గర ఆగి, తుప్పు మీద గోటితో గీత గీశారు. "ఇక్కడి నుండి నీళ్ళే. నువ్వూ కొట్టి సూడు."

కొట్టాను. "నాకు రెండూ ఒకేలా ఉన్నాయమ్మా, పాత ఇనుము కదా, పైగా..."

"ముందు ఆ నోరు ఆపు. అప్పుడు ఇనిపిత్తాది."

ఆపాను. మూడోసారికి తెలిసింది. గీత పైన చప్పుడు తేలిపోతోంది, కింద బరువుగా పడుతోంది.

"కింద దారి మూసుకుపోయినట్టుంది. పక్కకి తప్పుకుని పొడువు" అన్నారావిడ. ఇన్‌లెట్‌లోకి కమ్మీ పెట్టి పొడిచాను. నీళ్ళలోని సున్నం గడ్డకట్టడాన్ని మేం స్కేల్ అంటాం. అదే దారి మూసేసింది. గడ్డ విరగ్గానే పొగలు కక్కుతూ నీళ్ళు దూకాయి. పక్కకి తప్పుకోకపోతే నేను నిలబడి ఉండే చోటంతా తడిసింది. అన్నీ కారిపోయాక బోల్టుకి స్పానర్ పెడితే, ఒక్క తిప్పుకే తుప్పు పొడిగా రాలి బోల్టు చేతిలోకొచ్చేసింది. నీళ్ళ బరువుతో ఉండగా తిప్పి ఉంటే ట్యాంకు నా గుండెల మీదే.

ఎలా కనిపెట్టారని అడిగాను.

"నలభై ఏళ్ళు అటక మీద ఎండబెట్టిన కురిడీ కాయలు ఇలాగే వేలితో కొట్టి సూసినాను బాబూ. లోపల నీళ్ళు ఇంకక ముందే పగలగొడితే కాయ పాడు. పగలగొట్టి సూసుకునే వీలు మాకెక్కడిది?"

ఇరవయ్యేళ్ళ పనిలో నాకు కంటిని నమ్మడమే తెలుసు. ఇప్పుడు గోడ బోల్టు ముట్టుకునే ముందు ట్యాంకుని వాయించి చూస్తాను. ఇంట్లో వాళ్ళని కాసేపు మాట్లాడొద్దంటాను. వాళ్ళకంటే ముందు నేను నోరు మూసుకుంటాను.