పక్క మంచం

అమ్మకు తుంటి ఎముక విరిగినప్పుడు బరంపురంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఒక కంధ గిరిజన స్త్రీ ఉండేది. కొండల్లోని పల్లె నుంచి వచ్చింది. తోడు ఎవరూ లేరు. నేను మందులకు వెళ్లినప్పుడు అమ్మను ఆమే కనిపెట్టుకుని ఉండేది.

ఒకరోజు పొద్దున, అడవిలో నక్సలైట్ల కాల్పుల్లో పోలీసులు చనిపోయారని ఎవరి ఫోన్‌లోనో వార్త వినిపించింది. వార్డులో అందరూ ఆమె వైపే చూశారు.

"ఈల్లంతా ఆల్ల మనుషులే అమ్మీ. నర్సుకి సెప్పి నా మంచం అటేపు మార్పించు," అంది అమ్మ.

నాకూ భయం వేసింది. నర్సుతో మాట్లాడి వచ్చేసరికి ఆ కంధ స్త్రీ మంచం ఖాళీగా ఉంది. తెలుగు రాకపోయినా ఆమెకు అంతా అర్థమైంది. కాలు ఈడ్చుకుంటూ వెళ్లి వరండాలో దుప్పటి పరుచుకుంది.

సిగ్గుపడుతూ దగ్గరికి వెళ్లి, లోపలికి రమ్మని ఒడియాలో అడిగాను.

"తుపాకులవాళ్లు వచ్చి అన్నం పెట్టమంటారు. పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావంటారు. ఆ రోజు ఇద్దరికీ భయపడి పరుగెత్తి, గట్టు మీంచి పడ్డాను," అంది ఆమె, ఒడియాలోనే. "మీ అమ్మను నిమ్మళంగా ఉండనీ."

ఆ మాటలు అమ్మకు చెప్పాను. "పిలువమ్మీ," అంది.

మళ్లీ వెళ్లి పిలిచాను. ఆమె రాలేదు. మేం ఇంటికి వెళ్లేవరకూ వరండాలోనే ఉంది.